కాలాన్ని మెదడు కొలుస్తుందా, గుర్తుంచుకుంటుందా?

ప్రమాద క్షణంలో కాలం నెమ్మదించినట్టు అనిపించిందని చాలామంది చెబుతారు. అప్పుడు మెదడు వేగం నిజంగానే పెరుగుతుందా? అమెరికా నాడీశాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం దీన్ని నేరుగా పరీక్షించింది. 31 మీటర్ల ఎత్తు నుంచి వలలోకి పడినవారు, ఇతరులు పడటానికి పట్టిన సమయం కంటే తమకు పట్టింది సగటున 36 శాతం ఎక్కువని అంచనా వేశారు. అయినా మణికట్టుకు కట్టిన పరికరంలో అతివేగంగా మారే అంకెలను మాత్రం చదవలేకపోయారు. అంటే చూపు వేగం పెరగలేదు. భయంవేళ జ్ఞాపకాలు దట్టంగా నమోదవడం వల్లే, తలచుకున్నప్పుడు ఆ వ్యవధి సాగినట్టు తోస్తుందన్నది పరిశోధకుల వివరణ. నాకూ ఇదే సబబనిపిస్తుంది.

మెదడులో గడియారం ఉందిగా అన్నది బలమైన అభ్యంతరమే. హైపోథాలమస్‌లోని సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం నిద్ర, మెలకువల లయను నడుపుతుంది. ఈ జీవగడియారపు అణుస్థాయి రహస్యాన్ని ఛేదించినందుకే హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017 వైద్య నోబెల్ దక్కింది. కానీ ఆ గడియారం రోజును నడిపించగలదేగాని, గడిచిన రోజులను లెక్కపెట్టి చెప్పలేదు. 1962లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త మిషెల్ సిఫ్ర్, గడియారం, సూర్యకాంతి లేకుండా ఆల్ప్స్ గుహలో సుమారు రెండు నెలలు గడిపాడు. అతని నిద్ర చక్రం దాదాపు 24.5 గంటల చొప్పున సాగుతూనే ఉంది. అయినా సెప్టెంబర్ 14న బయటికి వచ్చేసరికి, ఆ రోజు ఆగస్టు 20 అనే అతను నమ్ముతున్నాడు. మార్పులేని చీకట్లో గుర్తుపెట్టుకోదగ్గవి తగ్గి, 25 రోజులు లెక్కలోకే రాలేదు.