పాత ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేయడం ఎలా? ముందు డేటా, తర్వాతే స్క్రూడ్రైవర్!

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ షాపుల్లో, పత్తి జిన్నింగ్ మిల్లుల ఆఫీసుల్లో ఏడెనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లు ఇంకా చాలానే కనిపిస్తాయి. ఆన్ చేసి టీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ రాదు. "నీకు కంప్యూటర్ తెలుసు కదా, కాస్త చూడు" అని ఆ పని చివరికి మనకే అప్పజెబుతారు. డిస్క్ మార్చడం అరగంట పనే. కానీ అందులోని రైతుల ఖాతాలు పోతే సీజన్ లెక్కలన్నీ పోయినట్టే. అందుకే విప్పడం కంటే, విప్పేముందు చేయాల్సిన పనుల గురించే ఎక్కువ చెబుతాను.

అసలు స్లో ఎందుకు?

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. ప్రతి చిన్న ఫైల్ కోసం హెడ్ అటూ ఇటూ కదలాలి. పెద్ద ఫైల్ అయితే సెకనుకు 100 ఎంబీ దాకా వస్తుంది, చిన్న ఫైళ్లకు 1 ఎంబీ రావడం కూడా కష్టమే. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు. సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాటుతుంది.

మిర్చి దుమ్ము సంగతి వేరు. అది డిస్క్ లోపలికి పోదు, ఫ్యాన్‌లో పేరుకుని వేడి పెంచుతుంది. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి, బ్యాటరీ కనెక్టర్ తీశాక ఫ్యాన్ కూడా బ్రష్‌తో దులిపేయండి.

ఏది కొనాలి?

పాత డిస్క్ 2.5 అంగుళాలదైతే అదే సైజు సాటా ఎస్ఎస్‌డీ, 7 ఎంఎం మందంది తీసుకోండి. ఎం.2 స్లాట్ ఉంటే అది సాటాదా, ఎన్‌వీఎంఈదా అని మోడల్ మాన్యువల్‌లో చూశాకే కొనండి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

విప్పేముందు

1. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫోలో డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో "కాషన్" అని వస్తే డీఫ్రాగ్ లాంటివేవీ చేయకండి. ముఖ్యమైన ఫైళ్లు వెంటనే కాపీ చేసుకోండి.

2. టాలీ డేటా సాధారణంగా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండదు. టాలీలోనే కంపెనీ పాత్ చూసి, బ్యాకప్ తీసి, ఇంకో కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే!

3. టాలీ లైసెన్స్ ఆ మెషీన్‌కు ముడిపడి ఉంటుంది. డిస్క్ తీసేముందే "సరెండర్" చేయండి.

4. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసుకోండి. అది లేకపోతే పాత డిస్క్‌ని ఇంకెక్కడా తెరవలేరు.

5. పాత ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ నిలవదు. కాపీ మధ్యలో కరెంటు పోతే ఇబ్బంది. ఇన్వర్టర్ ఉన్నచోటే ఈ పని పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్ జోరులో మాత్రం వద్దు. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిచ్చాక చూసుకోండి.

మార్చడం

షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఛార్జర్ తీయండి. వెనుక మూత విప్పి ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. స్క్రూల పొడవులు వేరుగా ఉంటాయి, కాబట్టి ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే పెట్టండి. పాత డిస్క్ ఫ్రేమ్‌ని కొత్త ఎస్ఎస్‌డీకి బిగించి, కనెక్టర్‌లోకి మెల్లగా తోయండి.

క్లోన్ కంటే నేను కొత్తగా విండోస్ వేయమనే చెబుతాను. పాత చెత్త రాదు. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. విండోస్ డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్ వేస్తే నెట్ కనెక్ట్ కాగానే యాక్టివేట్ అవుతుంది.

ఒక మాట: విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 ఉంటే విండోస్ 11 వేయండి. లేకపోతే ఎస్ఎస్‌డీ వేగం ఇస్తుంది గానీ భద్రత ఇవ్వదు. అలాంటి ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకండి.

పాత డిస్క్ ఏం చేయాలి?

కనీసం నెల రోజులు ముట్టుకోకండి. ఏదో ఒక ఫైల్ మర్చిపోయే ఉంటాం. ఆ తర్వాత, డిస్క్ బాగుంటే, యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడుకోవచ్చు. ఎస్ఎస్‌డీలో డిలీటైన ఫైల్ తిరిగి తీయడం హార్డ్ డిస్క్ కంటే చాలా కష్టం, కాబట్టి ఆ బ్యాకప్ ఇకపై మరీ అవసరం. అమ్మాలనుకుంటే మాత్రం క్విక్ ఫార్మాట్ సరిపోదు, పూర్తిగా తుడిచాకే ఇవ్వండి.