మీటింగ్ మొదట్లో ఆ నాలుగు మాటలు

సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో టీమ్ లీడ్ అయిన మనవాళ్ళకి ఇంకో పని కూడా వచ్చిపడుతుంది. మీటింగ్ మొదలుపెట్టే ముందు ఆ నేల అసలు హక్కుదారులను తలుచుకోవాలి. అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ అంటారు. చాలామంది నెట్‌లో దొరికిన వాక్యాలు స్లైడ్ మీద పెట్టి, గుక్క తిప్పుకోకుండా చదివేసి, హమ్మయ్య అనుకుంటారు. వినేవాళ్ళకి ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది.

వెల్‌కమ్ టు కంట్రీ, అంటే ఆ నేలకు స్వాగతం పలకడం, వేరు. అది చెప్పే హక్కు ఆ నేల ఆదివాసులదే. పెళ్ళికొచ్చిన చుట్టం గుమ్మంలో నిలబడి పన్నీరు చల్లడు కదా! ఈ స్వాగతం ఇప్పటి రూపం 1976లో పెర్త్‌లో మొదలైందంటారు. పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన నృత్య బృందం, నేలవాళ్ళు ఆహ్వానించందే ఆడలేమంది. అప్పుడు ఆబొరిజినల్ కళాకారులు రిచర్డ్ వాలీ, ఎర్నీ డింగో స్వాగతం పలికారు. అంటే అడిగింది అతిథులే. పెద్ద సభ పెడితే మీరూ ఆ పెద్దలనే పిలవండి, ఫీజు ఇవ్వండి. బేరమాడకండి.

ఇక మీరు చెప్పే అక్నాలెడ్జ్‌మెంట్ సంగతి. ముందు నేల ఎవరిదో కనుక్కోండి. సిడ్నీ నడిబొడ్డు గడిగల్ వారిది. పరమట్టా ఆఫీసులో కూర్చుని ఆ పేరే చదివితే తప్పు, అది దరుగ్ నేల. మెల్‌బోర్న్ సిటీ వురుండ్జెరి వారిదైతే, సెయింట్ కిల్డా బునురోంగ్ వారిది. పేర్లు ముందే నాలుగుసార్లు పలికి చూసుకోండి.

కొత్తవాళ్ళు చేరే రోజున ఈ మాట ముందు, వాళ్ళ పరిచయం ఆ వెంటనే. "నేనూ గుంటూరు నుంచి వచ్చినవాణ్ణే. ఈ దరుగ్ నేల మీదే నాకు ఉద్యోగం దొరికింది. ఇక్కడి పెద్దలకు, గతించినవారికీ ఉన్నవారికీ, నా గౌరవం. ఈ రోజు మనతో చేరుతున్న ఇద్దరికీ స్వాగతం." ఇంతే, అర నిమిషం. టీమ్‌లో ఆబొరిజినల్ సహోద్యోగి ఉన్నారని ఈ పని వారి నెత్తిన పెట్టకండి. వారి సొంత నేల ఎక్కడో వేరేచోట ఉండొచ్చు. పైగా, మీటింగ్ మీది.

ఉగాది సభలో అయితే తెలుగులోనే చెప్పొచ్చు. ప్రార్థనా గీతం ముందా, ఇది ముందా అని కమిటీలో వాదన వస్తుంది. నేనైతే దీన్నే ముందు పెడతాను.