సౌరఘటమునకు తోడు : క్వాంటం చుక్కల కథ

పంచాయతీ కార్యాలయముల పైకప్పులమీదను, బోరుబావుల చెంతను నేడు సౌరఫలకములు కానవచ్చుచున్నవి. వాటిని కొనుటకు తీర్మానము చేయవలసివచ్చినపుడు ఒక సందేహము కలుగవచ్చును. క్వాంటం చుక్కలు అను క్రొత్త పదార్థముతో మేలైన ఫలకములు రానున్నవని వినుచున్నాము. వాటికొరకు ఆగవలెనా, ఇప్పుడే కొనవలెనా? దీనికి సమాధానము చెప్పుకొనుటకు ముందు ఆ చుక్కలెట్టివో తెలిసికొందము.

తోడు వేయుట

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను శాస్త్రజ్ఞులు సిలికానుతో సౌరఘటమును చేసి చూపిరి. అది తనపై బడిన ఎండలో సుమారు 6 శాతమును విద్యుత్తుగా మార్చెను. సిలికాను ఒక అర్ధవాహకము. శుద్ధముగా నున్నపుడు అది విద్యుత్తును చక్కగా ప్రవహింపనీయదు. కుండెడు పాలకు చెంచాడు తోడు చాలునట్లు, లక్షలాది సిలికాను పరమాణువుల నడుమ ఒక్క అన్యపదార్థపు పరమాణువు చేరినను దాని గుణము మారును. ఒక ప్రక్క భాస్వరమును, రెండవ ప్రక్క బోరానును చేర్చినచో, ఎండ తగిలి విడివడిన ఎలక్ట్రానులు ఒకే దిక్కునకు సాగును. దీనినే శాస్త్రమున మాదీకరణమందురు.

అయినను సిలికాను ఎండనంతటిని వాడుకొనలేదు. బలహీనమైన కిరణములు దానిగుండా దాటిపోవును. బలమైన కిరణములలోని అధికశక్తి వేడిగా మారి వృథా యగును. ఇట్టి నష్టముల మూలమున, ఒకే అర్ధవాహకముతో చేసిన సాధారణ ఘటము ఎండలో సుమారు మూడవ వంతుకు మించి విద్యుత్తుగా మార్చజాలదని 1961లో షాక్లీ, క్వైసర్ అనువారు చూపిన లెక్కవలన తెలియుచున్నది.

చుక్కల స్వభావము

మిల్లీమీటరులో పది లక్షవ వంతును నానోమీటరందురు. క్వాంటం చుక్క రమారమి 2 మొదలు 10 నానోమీటర్ల అర్ధవాహకపు కణము. పదార్థ మొకటే యైనను, చుక్క చిన్నదైనకొలది నీలపుకాంతికి, పెద్దదైనకొలది ఎరుపుకాంతికి అనుకూలమగును. కావున కావలసిన కిరణములకు తగిన చుక్కను తయారుచేయవచ్చును. ఈ చుక్కలను కనుగొని తయారుచేసినందులకు ఎకిమోవ్, బ్రూస్, బావెండీలకు 2023లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను.

ఐతే ఒక చిక్కు గలదు. కాలువనీరు చివరి చేనికి చేరకముందే ఇసుకలో ఇంకిపోవునట్లు, చుక్కలో విడివడిన ఎలక్ట్రాను తీగను చేరకముందే తిరిగి తన స్థానమున పడిపోవును. 2012లో అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయమున ప్రళయ్ సాంత్రా, ప్రశాంత్ కామత్ అనువారు దీనికి మాదీకరణమునే ఉపాయముగా గైకొనిరి. చేనేతవారు నూలును తొట్టెలలో మార్చి మార్చి ముంచునట్లు, టైటానియం ఆక్సైడు పొరను కాడ్మియపు ద్రావణమునందును, గంధకపు ద్రావణమునందును ముంచి చుక్కలను పెంచిరి. కాడ్మియపు ద్రావణములో కొలదిగా మాంగనీసును కలిపిరి. మాంగనీసు పరమాణువు ఎలక్ట్రానుకు నడుమ మజిలీ వంటిది. అందు నిలిచిన ఎలక్ట్రాను వెంటనే క్రిందికి జారదు. తీగను చేరుటకు వ్యవధి దొరకును. ఇట్లు చేసిన ఘటము 5.4 శాతము సామర్థ్యమును పొందెను. తదుపరి, వేరు పదార్థముల చుక్కలతో చేసిన చిన్న ఘటములు ప్రయోగశాలలలో 18 శాతము వరకు చేరినవి.

జాగ్రత్త

కాడ్మియము విషలోహము. జపాను దేశమున తొయామా ప్రాంతములో, గనినుండి వెలువడిన కాడ్మియము జింజూ నదిలో కలిసి వరిపొలములకు చేరెను. ఆ బియ్యము తిన్నవారి మూత్రపిండములు చెడి, ఎముకలు పెళుసై విరిగినవి. ఈ వ్యాధికి కాడ్మియమే కారణమని 1968లో అచ్చటి ప్రభుత్వము అంగీకరించెను. అందుచేతనే రాగి, ఇండియము, గంధకములతో కాడ్మియము లేని చుక్కలను చేయుటకు శాస్త్రజ్ఞులు కృషి సల్పుచున్నారు. ఏండ్లతరబడి ఎండకు, వానకు తాళగలవని కూడ రుజువైనపుడే ఇవి పైకప్పునకు తగినవగును.

సభ్యులు గమనింపవలసినవి

1. బజారున దొరకు ఫలకములలో అత్యధికము సిలికానువే. వాటిలో 20 శాతమునకు మించిన సామర్థ్యము గలవి నేడు లభించుచున్నవి. కావున చుక్కలకొరకు పని నిలుపనక్కరలేదు.

2. క్వాంటం ఫలకమని ఎవరైన హెచ్చుధర చెప్పినచో, పేరును చూచి మోసపోరాదు. భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, సామర్థ్యమును, హామీపత్రమును అడిగి చూడవలెను.

3. ఫలకములపై చెట్లనీడ పడకుండ, దుమ్ము పేరుకొనకుండ చూడవలెను.

4. పగిలిన ఫలకములను చెరువులోగాని, పొలములోగాని పారవేయరాదు. 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలలో సౌరఫలకములు కూడ చేర్చబడినవి. వాటిని వేరుగా భద్రపరచి, గుర్తింపు పొందిన వారికి అప్పగించు ఏర్పాటును కొనుగోలు నాడే తీర్మానమున వ్రాసికొనుట మంచిది.