గోడలో తేనె గూళ్లు: కూలిపోకముందే నమోదు చేయడం ఎలా?

తెలుగులో 'గూడు' అంటే పక్షి కట్టుకున్నది. గోడలో దీపం పెట్టుకోవడానికి వదిలిన చిన్న ఖాళీ కూడా గూడే. ప్రపంచంలో కొన్ని చోట్ల ఈ రెండు అర్థాలూ ఒకే వస్తువులో కలుస్తాయి. అక్కడ తోట గోడలోనో ఇంటి గోడలోనో తేనెటీగల కోసం కావాలని వదిలిన గూళ్లు కనిపిస్తాయి. ఆధునిక తేనెపెట్టెలు వచ్చాక వాటితో పని తగ్గింది. గోడలు కూలుతున్న కొద్దీ అవీ మాయమవుతున్నాయి. వాటిని గుర్తుపట్టడం, కొలవడం, వివరాలు రాసిపెట్టడం ఇప్పుడు పురావస్తు శాస్త్రానికీ కీటక శాస్త్రానికీ మధ్య పెరిగిన ఒక చిన్న అధ్యయన రంగం. ఇందులో పెద్ద పరికరాల అవసరం లేదు. టేపు, దిక్సూచి, కెమెరా, కొంత ఓపిక చాలు.

బిలాస్‌పూర్‌ను ఆనుకుని, కట్నీ వెళ్లే రైలు మార్గంలో ఉన్న ఉస్లాపూర్ లాంటి చోట ఇలాంటి గోడ దొరుకుతుందని ఆశించనక్కరలేదు. రైల్వే ఉద్యోగాల వల్ల తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ ప్రాంతంలోనూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ తేనె ప్రధానంగా అడవి నుంచే వచ్చింది. బిలాస్‌పూర్ దాటి కట్నీ వైపు వెళ్లే రైలు కాసేపటికే అడవుల్లోకి ప్రవేశిస్తుంది. నల్లమలలో చెంచులు తాళ్ల సాయంతో కొండ చరియల మీది తేనెపట్లను కోసి తెచ్చేవారు. మధ్య భారతంలోని పచ్‌మఢీ రాతి గుహల్లో తేనె సేకరణను చూపే పురాతన చిత్రాలున్నాయి. ఇంత తేనె అడవిలోనే దొరుకుతుంటే ఇంటి గోడలో ఈగలను పెంచే అవసరం పెద్దగా కలగదు. ఈగల స్వభావం ఇంకొక కారణం. చెట్టు తొర్రల్లోనూ పుట్టల్లోనూ చీకటిలో పట్లు పెట్టే పుట్ట తేనెటీగ వెచ్చని మైదానాల్లో పూలు తగ్గినా, చీమలు ముసిరినా గూడు వదిలి లేచిపోతుంది. అంత సులువుగా వెళ్లిపోయే అతిథి కోసం గోడ కట్టేవాళ్లు తక్కువే!

చలి, వాన ఎక్కువగా ఉన్న ప్రదేశాల్లో పరిస్థితి వేరు. అక్కడ ఈగలను ఏడాది పొడవునా కాపాడుకోవాలి. గోడల్లో గూళ్లు పుట్టింది అందుకే. అయితే బ్రిటన్‌లోనూ హిమాలయాల్లోనూ ఈ ఆలోచన రెండు భిన్నమైన రూపాలు తీసుకుంది.

బ్రిటన్‌లో ఈగలను గడ్డి బుట్టల్లో పెంచేవారు. మెలివేసిన గడ్డి తాడును చుట్టలుగా చుట్టి, కుట్టి, బోర్లించిన గంపలా తయారుచేసే ఈ బుట్టను స్కెప్ అంటారు. గడ్డి వెచ్చదనాన్ని బాగానే నిలుపుతుంది కానీ వానకు తడిస్తే కుళ్లిపోతుంది. దానికి విరుగుడుగా తోట గోడ కట్టేటప్పుడే ఒక్కో బుట్ట పట్టేంత గూళ్లు వరుసగా వదిలేవారు. వీటికి బీ బోల్ అని పేరు. స్కాట్లండ్ ప్రాంతపు భాషలో బోల్ అంటే గోడలోని గూడే. వీటిలో చాలా వరకు నేల నుంచి నడుము ఎత్తులోపు, దక్షిణానికో ఆగ్నేయానికో ముఖం చేసి ఉంటాయి. ఉదయపు ఎండ తొందరగా తగిలితే ఈగలు తొందరగా పనికి బయలుదేరతాయి, బుట్టలోని తేమ ఆరుతుంది. వార్విక్‌షైర్‌లోని ప్యాక్‌వుడ్ హౌస్ తోట గోడలో ఇలాంటి గూళ్లు 30 ఉన్నాయి. కొన్ని చోట్ల గూటికి అడ్డంగా ఇనుప కడ్డీ బిగించి తాళం వేసుకున్న ఆనవాళ్లు కూడా కనిపిస్తాయి. తేనె దొంగల బెడద అక్కడా ఉండేదన్నమాట.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. బ్రిటన్ గోడలో ఉన్నది ఈగల గూడు కాదు, గూటికి గొడుగు మాత్రమే. అసలు గూడు బుట్ట. దాన్ని తీసేస్తే మిగిలేది ఖాళీ గోడ. హిమాలయాల్లో గోడే ఈగల ఇల్లు.

కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ పల్లెల్లో రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి ఇంటి గోడల్లో పుట్ట తేనెటీగలకు గూళ్లు వదలడం పాత అలవాటు. బయటి వైపు ఈగ పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది. గదిలోకి తెరుచుకునే వైపు ఒక పలక పెట్టి, అంచుల చుట్టూ మట్టితోనో పేడతోనో మెత్తుతారు. ఈగలు వీధి వైపు నుంచి రాకపోకలు సాగిస్తాయి, మనుషులు ఇంట్లో నుంచే తేనె తీసుకుంటారు. 1822-23లో కశ్మీర్‌లో ఉన్న పశువైద్యుడు, యాత్రికుడు విలియం మూర్‌క్రాఫ్ట్ ఈ పద్ధతిని వివరంగా రాశాడు. ఇల్లు కట్టేటప్పుడే గోడలో ఖాళీలు వదలడం, వాటిలో మట్టి గొట్టాలు అమర్చడం, పొగతో ఈగలను పక్కకు తోలి తేనె కోసుకోవడం అందులో ఉన్నాయి. ఆయన మరణించాక 1841లో ఆ యాత్రా వివరాలు అచ్చయ్యాయి. గోడ గూళ్ల మీద మనకున్న పాత లిఖిత ఆధారాల్లో అది ముఖ్యమైనది.

ఈ ఏర్పాటు ఎందుకు పనిచేస్తుందో ఈగల అలవాట్లలోనే ఉంది. తేనెటీగలు పిల్లలను పెంచే గదులను సాధారణంగా ద్వారానికి దగ్గరగా, తేనెను దానికి దూరంగా ఉంచుతాయి. పడుకోబెట్టిన గొట్టంలో ముందు భాగం పిల్లలది, వెనక భాగం తేనెది అవుతుంది. వెనక పలక తీసి కొద్దిగా పొగ పెడితే ఈగలు ముందుకు జరుగుతాయి, పిల్లల గదులు చెదరకుండానే తేనె పట్లు కోసుకోవచ్చు. గడ్డి బుట్టకు ఈ సౌకర్యం లేదు. తేనె తీయడానికి చాలాసార్లు గంధకం పొగతో ఈగలన్నిటినీ చంపేసేవారు. ఇక చలి సంగతి. పిల్లలు పెరగాలంటే గూటి మధ్య 34, 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. ఈగలు కండరాలను కదిలించి ఆ వేడిని పుట్టిస్తాయి, అందుకు తేనెనే ఇంధనంగా వాడుకుంటాయి. మందపాటి మట్టి గోడ పగటి ఎండను పట్టి ఉంచి రాత్రి నెమ్మదిగా వదులుతుంది. గోడకు అవతలి వైపు పొయ్యి వెలిగే గది ఉంటుంది. గూడు ఎంత తక్కువగా చల్లబడితే, చలికాలంలో నిల్వ తేనె అంత తక్కువ ఖర్చవుతుంది.

ఇదే ఆలోచన ఇంకా పాతది. జోర్డాన్ లోయలోని తెల్ రెహోవ్‌లో 2007లో జరిగిన తవ్వకాల్లో మట్టీ గడ్డీ కలిపి చేసిన స్తూపాకారపు తేనె గూళ్లు వరుసలుగా బయటపడ్డాయి. వాటి వయసు సుమారు 3000 ఏళ్లు. ఒక చివర ఈగలకు చిన్న రంధ్రం, మరో చివర తీసి పెట్టుకునే మూత ఉన్నాయి. కాలిన పట్లలో ఈగల అవశేషాలు కూడా దొరికాయి కనుక వాటి ఉపయోగం మీద సందేహం మిగల్లేదు.

1851లో అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ ఒక చిన్న విషయాన్ని పట్టుకుని మొత్తం వృత్తినే మార్చేశాడు. సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు ఉంటే ఈగలు దాన్ని మైనంతో పూడ్చకుండా, అందులో అదనపు పట్టు కట్టకుండా దారిగా వదిలేస్తాయి. ఆ సందు లెక్కతో పైకి తీసి మళ్లీ పెట్టగల చట్రాల పెట్టె తయారైంది. బుట్టలకు కాలం చెల్లింది, బ్రిటన్ గోడల్లో గూళ్లు ఖాళీ అయ్యాయి. హిమాలయాల్లో మార్పు ఆలస్యంగా వచ్చింది. 1960లలో నేటి హిమాచల్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో ఐరోపా తేనెటీగ పెంపకం విజయవంతమైంది. ఎక్కువ తేనె ఇచ్చే ఆ ఈగ పెట్టెలతో కలిసి విస్తరించింది. మట్టి గోడల స్థానంలో ఇటుక, కాంక్రీటు రావడంతో కొత్త ఇళ్లలో గూటికి చోటే లేకుండా పోయింది.

ఇది పాత వస్తువుల మీద మమకారం మాత్రమే కాదు. గోడ గూటిలో ఉండే పుట్ట తేనెటీగ ఆ కొండ చలికి తరతరాలుగా అలవాటు పడిన స్థానిక ఈగ. థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ 1990ల తొలి సంవత్సరాల్లో దక్షిణాది రాష్ట్రాల్లో ఈ జాతి కుటుంబాల్లో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది. అలాంటి దెబ్బల తర్వాత స్థానిక ఈగలు ఎక్కడెక్కడ మిగిలాయన్న ప్రశ్నకు విలువ పెరుగుతుంది. ఒక ఊళ్లో ఎన్ని గోడ గూళ్లున్నాయి, వాటిలో ఎన్నిటిలో ఇప్పటికీ ఈగలున్నాయి అన్న లెక్క ఉంటే ఆ ప్రశ్నకు కొంతైనా జవాబు దొరుకుతుంది.

నమోదు పనికి మంచి నమూనా బ్రిటన్‌లో ఉంది. అణు భౌతిక శాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఈవా క్రేన్‌కు 1942లో పెళ్లి కానుకగా ఒక తేనెపెట్టె వచ్చింది. యుద్ధకాలంలో చక్కెర దొరకని రోజులవి. ఆ కానుక ఆమెను జీవితాంతం తేనెటీగల వైపు తిప్పింది. ఆమె చొరవతో 1949లో మొదలైన తేనెటీగల పరిశోధన సంఘం 1952లో బీ బోల్‌ల జాబితా తయారీ ప్రారంభించింది. తోటల యజమానులు, స్థానిక చరిత్ర సంఘాలు, విహారానికి వెళ్లిన సాధారణ పౌరులు చూసినది చూసినట్టు రాసి పంపారు. ఆ విధంగా వెయ్యికి పైగా స్థలాలు నమోదయ్యాయి. వాటిలో కొన్ని ఇప్పుడు లేవు, కాగితం మీద మాత్రమే ఉన్నాయి. జాబితా విలువ సరిగ్గా అక్కడే తెలుస్తుంది. మన దేశంలో గోడ గూళ్లకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఇక్కడ ఆ గూళ్లను వాడిన మనుషులు ఇంకా ఉన్నారు. బ్రిటన్‌కు ఆ అదృష్టం చాలా వరకు చేజారింది.

గూటిని చూడగానే అది ఈగలదే అని రాసేయడం ఈ పనిలో అన్నిటికంటే సులువైన తప్పు. గోడలో గూడు దీపానిది కావచ్చు, విగ్రహానిది కావచ్చు, పావురాలది కావచ్చు, ఒకప్పటి కిటికీని మూసేయగా మిగిలినదీ కావచ్చు. అందుకే ముందు కొలతలు, తర్వాతే నిర్ణయం. గూటి ఎత్తు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో తీసుకోవాలి. నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, ఏ దిక్కుకు ముఖం చేసిందో, ఒకే వరుసలో ఎన్ని ఉన్నాయో, వాటి మధ్య దూరమెంతో చూడాలి. గోడ రాయా, ఇటుకా, మట్టా? గూడు గోడతో పాటే కట్టారా, తర్వాత తొలిచారా? చుట్టూ ఉన్న రాళ్ల పేర్పు చూస్తే ఇది తెలుస్తుంది. కట్టేటప్పుడే వదిలిన గూటిపై అడ్డరాయో కమానో ఉంటుంది, తర్వాత తొలిచిన దాని అంచులు విరిగినట్టుంటాయి. ఫోటోలో తప్పనిసరిగా స్కేలు ఉండాలి. దగ్గరి ఫోటో ఒక్కటే ఉంటే పనికిరాదు, గోడ మొత్తం కనిపించే ఫోటో కూడా కావాలి.

గూటి లోపలి గుర్తులు అన్నిటికంటే ఎక్కువ చెబుతాయి. దీపపు గూటి పైభాగంలో నాలుకలా పైకి సాగిన మసి, అడుగున నూనె జిడ్డు ఉంటాయి. ఈగలున్న గూటిలో గోడకు అంటిన మైనపు గీతలు, పట్లు ఒకప్పుడు వేలాడిన సమాంతర ఆనవాళ్లు కనిపిస్తాయి. మైనం చాలా గట్టి సాక్షి. దానిలోని కొవ్వు సంబంధ రసాయనాలు నీటిలో కరగవు, సులువుగా చెడవు. మట్టి గొట్టం రంధ్రాల్లోకి ఇంకిన మైనాన్ని ప్రయోగశాలలో వేల ఏళ్ల తర్వాత కూడా గుర్తించగలుగుతున్నారు. కాబట్టి పాత మట్టి గొట్టం దొరికితే కడగకూడదు. శుభ్రంగా కనిపించాలని చేసే ఆ పని సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.

ఇంటివాళ్ల మాట మరో ఆధారం. ఈగలు చివరిసారిగా ఎప్పుడున్నాయి, తేనె ఏ నెలలో తీసేవారు, గూటిని ఆ ఊళ్లో ఏ పేరుతో పిలుస్తారు అన్నవి అడగాలి. పేరును వాళ్లు పలికినట్టే రాసుకోవాలి, పుస్తకాల భాషలోకి మార్చకూడదు. చెప్పిన సంగతినీ కళ్లతో చూసిన సంగతినీ విడివిడి గడుల్లో రాయడం ఇంకా ముఖ్యం. ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు. ఈగలు ఉన్న గూటి ముందు నిలబడి వాటి దారికి అడ్డం రాకూడదు, పలక తీసి చూడాలన్న కుతూహలాన్ని అసలే అణచుకోవాలి.

ఉస్లాపూర్‌లో ఉన్న విద్యార్థికి దీనితో పని లేదా అంటే, ఉంది. పాత ఇంటి దీపపు గూటితో సాధన మొదలుపెట్టవచ్చు. కొలిచి, దిక్కు చూసి, మసి ఎక్కడ ఉందో బొమ్మ గీసి, "దీపపు గూడు" అన్న నిర్ణయానికి ఏ ఆధారంతో వచ్చారో ఒక వాక్యం రాయాలి. తర్వాత ఎవరూ వదలకపోయినా ఈగలే చూసుకున్న గూళ్ల సంగతి. ఇటుకల సందుల్లో కుట్టని చిన్న తేనెటీగలు మైనం, చెట్ల బంక కలిపి ద్వారం దగ్గర చిన్న గొట్టం కడతాయి. పాత గోడ బోలులో పుట్ట తేనెటీగలు చేరుతుంటాయి. ఎత్తైన కట్టడాల కింద వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగలది. అవి మూకుమ్మడిగా దాడి చేయగలవు కనుక దూరం నుంచే చూడాలి. ఈ మూడింటికీ అదే పత్రం సరిపోతుంది: స్థలం, కొలత, దిక్కు, గోడ రకం, ఈగ రకం, ద్వారం బొమ్మ.

పత్రంలో చివరి గడి చూసిన తేదీది. దాని కింద మరో రెండు మూడు గీతలు ఖాళీగా వదలాలి. ఏడాది తర్వాత అదే గోడ దగ్గరికి మళ్లీ వెళ్లి, గూడు ఉందా, ఈగలున్నాయా, గోడే లేదా అన్నది అక్కడ రాయాలి. "గోడ లేదు" అని రాయవలసి వచ్చినా ఆ పత్రాన్ని చించకూడదు. అలాంటి పత్రాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితేనే గోడలు ఎంత వేగంగా పోతున్నాయో తెలుస్తుంది.