తిరుగు విమానానికి ముందు జ్వరం

ప్రశ్న: బాలీ నుంచి బయల్దేరే రెండు రోజుల ముందు మావారికి తీవ్ర జ్వరం, కళ్ల వెనక నొప్పి. మాత్రలు వేసి తీసుకొచ్చేశాం. ఇక్కడికొచ్చాక డెంగీ అని తేలింది, ఇప్పుడు కోలుకున్నారు. అక్కడే ఆగాల్సిందా?

జవాబు: ఆగాల్సిందేనమ్మా. కనీసం రక్తపరీక్షయినా చేయించుకుని బయల్దేరాల్సింది. తొలి రోజుల్లోనే ఎన్‌ఎస్‌1 పరీక్షలో డెంగీ బయటపడే అవకాశం ఎక్కువ. జ్వరం దిగగానే గండం గడిచిందనుకుంటాం. డెంగీలో అసలు ప్రమాదం అప్పుడే. సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం తగ్గే వేళ, రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారి బీపీ పడిపోవచ్చు. అది ఆకాశంలో జరిగితే ఆసుపత్రికి చేర్చేదెలా? విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత... వీటిలో ఏది కనిపించినా టికెట్ డబ్బుల సంగతి మరచిపోవాలి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. మీరు వేసిన మాత్రలేవో రాయలేదు! ప్రయాణ బీమా ఉంటే ఆసుపత్రిలో చేరే ముందే పాలసీ మీది నంబరుకు ఫోన్ చేయండి, బిల్లులన్నీ దాచండి.

డెంగీ వైరస్‌లు 4 రకాలు. రెండోసారి వేరే రకం సోకితే జబ్బు ముదిరే ముప్పు ఎక్కువ. మీవారిని ఇకపై పగటి దోమల నుంచి కాపాడుకోండి.