పళ్లెంలో అన్నం, ఫోన్‌లో లెక్క

‘మా ఇంట్లో నూనె తక్కువే వాడతాం’ అని చాలామంది గట్టిగా నమ్ముతారు. తిండి లెక్క చూపే యాప్‌లో ఒక్క వారం దాచుకోకుండా అన్నీ రాస్తే ఆ నమ్మకం కదులుతుంది. నూనె గ్రాముకు 9 క్యాలరీలు. టేబుల్ స్పూన్ నూనె అంటే దాదాపు 120. వంకాయ వేపుడులో కొంత, పెసరట్టు చుట్టూ కొంత, పప్పు పోపులో కొంత, ఆవకాయ అన్నంలో ఇంకొంత. బరువు తగ్గాలని అన్నం సగం చేసుకున్నవాళ్లు ఈ చెంచాల వంక చూడనే చూడరు. మన అలవాటును మన ముందు పెట్టడమే యాప్ చేసే గొప్ప మేలు. ఆ మేలు దక్కాలంటే పిల్లల పళ్లెంలో మిగిలింది తిన్నదీ, టీతో పాటు నమిలిన మిక్చరూ కూడా రాయాలి.

అయితే యాప్ చూపే అంకె కనిపించినంత ఖచ్చితం కాదు. ‘పప్పు, ఒక కప్పు’ అని నొక్కుతాం. అది ముద్దపప్పా, పప్పుచారా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలతో పట్టికలు ప్రచురించింది. ఎంతో విలువైన పని అది. కానీ మీ గోంగూర పప్పులో పోపు ఎంత పడిందో ఏ పట్టికకూ తెలియదు. పైగా బిస్కెట్ ప్యాకెట్‌కు బార్‌కోడ్ స్కాన్ చేస్తే చాలు, ఇంటి కూరకైతే దినుసులన్నీ ఒక్కొక్కటిగా రాయాలి. సులువు చూసుకుని మనసు ప్యాకెట్ వైపు మొగ్గుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

ఇంకో చిక్కు ఆకలిది. కడుపు మాడుతున్నా ‘ఈరోజు కోటా అయిపోయింది’ అని పడుకోవడం, ఆకలి లేకపోయినా ‘ఇంకా 300 మిగిలాయి’ అని తినడం, రెండూ తప్పే. పెళ్లి పంక్తిలో పక్కవాళ్ల పలకరింపు వదిలేసి పూర్ణం బూరెకు ఎన్ని క్యాలరీలో వెతికేవాళ్లకు ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిందని నేను ఒప్పుకోను.

రెండు మూడు వారాలు రాయండి, మీ తిండి తీరు తెలుసుకోండి, ఆపేయండి. ఆ తర్వాత నూనె ప్యాకెట్ విప్పిన తేదీ క్యాలెండర్ మీద రాసుకుంటే చాలు. నలుగురున్న ఇంట్లో లీటరు పది రోజులు వస్తే తలకు రోజుకు సుమారు 23 గ్రాములు. ఐదు రోజులకే అయిపోతే దానికి రెట్టింపు. ఇన్సులిన్ వేసుకునేవారి సంగతి వేరు. వారికి రోజూ పిండిపదార్థాల లెక్క అవసరం కావచ్చు, డాక్టర్ చెప్పినట్టే నడుచుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఎదిగే పిల్లల ఫోన్‌లో ఇలాంటి యాప్ కనిపిస్తే కోప్పడకండి, పక్కన కూర్చుని మాట్లాడండి. వాళ్లు భోజనాలు ఎగ్గొడుతున్నా, తిన్నది కావాలని కక్కుతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.