జారిపోని బుల్లి చీజ్‌కేకులు

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటాం. క్రిస్మస్ విందుకు గ్లాసుల్లో చేసే చీజ్‌కేకులు బల్లమీద పెట్టగానే జారిపోతున్నాయి. జెలటిన్ వాడను. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: అక్కడ డిసెంబరంటే వేసవి కదమ్మా! బ్రెడ్డుకు రాసే డబ్బా చీజ్ వాడుతుంటే అదే కారణం. 250 గ్రాముల క్రీమ్ చీజ్ దిమ్మ కొనండి. చల్లదనం పోయాక పంచదారతో గిలక్కొట్టండి. అన్నట్టు, అక్కడి థికెన్డ్ క్రీమ్ చాలావాటిలో జెలటిన్ ఉంటుంది. లేబుల్ చూసి, ప్యూర్ క్రీమ్ తీసుకోండి. చల్లటి క్రీమును విడిగా గిలక్కొట్టాలి. చెంచాతో గీస్తే గీత నిలవాలి. అప్పుడు చీజ్‌లో కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మామిడి ముక్కలు వడ్డించే ముందే వేయండి. బయట 2 గంటలు దాటితే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు, 4 దాటితే పారేయండి. తిన్నాక గర్భిణులకు, పసివాళ్లకు వాంతులో జ్వరమో వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.